మా చర్చి సామాన్ల గది

మా చర్చి వెనకాల ఒక రేకుల గది ఉంది, దాన్ని సామాన్ల గది అంటాం. శవాన్ని ఉంచే ఐస్ బాక్స్ ఒకటి, కాళ్లు విరిగినవి తీసేస్తే వందకి కాస్త అటూ ఇటూగా ప్లాస్టిక్ కుర్చీలు, ఒక షామియానా, పెద్ద డేగిసాలు, గరిటెలు, రెండు వీల్‌చైర్లు, కొన్ని వాకర్లు, మంచం దిగి బాత్‌రూమ్ దాకా నడవలేనివాళ్ల కోసం కమోడ్ కుర్చీ, బియ్యం డ్రమ్ములు రెండు, గోడకి ఒక మేకు, ఆ మేకుకి దారంతో వేలాడే నోటుబుక్కు. ఇంతే. మీ చర్చి చుట్టుపక్కలవాళ్లకి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను క్రిస్మస్ చీరల పంపిణీ గురించి చెప్పను, ఈ గది తలుపు తీసి చూపిస్తాను.

తాళం చెవులు రెండు. ఒకటి పాస్టరమ్మగారి దగ్గర ఉంటుంది, రెండోది ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో. ఆ కొట్టాయన మా చర్చికి రాడు, శనివారం వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాడు. అయినా తాళం ఆయన దగ్గర ఎందుకంటే ఆయన కొట్టు రాత్రి పదింటి దాకా తెరిచి ఉంటుంది, పైగా వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

మాది చీరాలకీ ఒంగోలుకీ మధ్య చిన్న ఊరు. బాప్టిస్టు సంఘం. చర్చి పల్లెలో ఉంది, ఊరు కాస్త అవతల. ఈ మాటకి అర్థం ఏమిటో ఆంధ్రాలో పుట్టినవాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. నేను ఉద్యోగం చేసుకుంటూ, చదువుకున్నానన్న పాపానికి, చర్చి బీదల నిధి లెక్కలు రాస్తుంటాను. అందుకే ఇందులో దేవుడి మాటల కంటే లెక్కల మాటలు ఎక్కువ కనపడితే విసుక్కోకండి.

ముందు ఐస్ బాక్స్ సంగతి. మా చిన్నప్పుడు ఎవరైనా పొద్దున పోతే సాయంత్రానికి మట్టి అయిపోయేది. ఇప్పుడు అలా కాదు, కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, కూతురు బెంగుళూరులో, ఇంకో కొడుకు కువైట్‌లో. వాళ్లు వచ్చేదాకా ఉంచాలి. టౌన్లో అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు కానీ, చావింట్లో బేరం ఆడే పరిస్థితి ఉండదు కదా, వాళ్లు చెప్పిందే రేటు. అందుకని సంఘంలో చందాలు వేసుకుని ఒకటి కొన్నాం. కొన్నప్పుడు మా ఉద్దేశం మా వాళ్ల కోసమే. కానీ వేసవి రాగానే ఊళ్లోంచి ఒక పెద్దాయన నేరుగా చర్చి ముందుకొచ్చి నిలబడి, "ఏవయ్యా, మీ పెట్టె ఖాళీగా ఉందా" అని అడిగాడు. వాళ్ల అమ్మగారు పోయారు. ఆయన అంతకుముందు ఎప్పుడూ మా వీధిలోకి అడుగుపెట్టినట్టు నాకు గుర్తులేదు. మా కుర్రాళ్లే ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లి, ఆ ఇంటి వసారాలో దించి, ప్లగ్గు పెట్టి, కరెంటు పోతే ఏం చేయాలో చెప్పి వచ్చారు.

దీంతో కులం పోయిందని నేను అనడం లేదు. పోలేదు. కుర్రాళ్లకి ఆ ఇంట్లో మంచినీళ్లు స్టీలు గ్లాసులో ఇచ్చారా, ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చారా అని మా వీధిలో ఒక వారం పాటు చర్చ జరిగింది. అయితే ఒకటి మాత్రం మారింది, ఇప్పుడు ఊళ్లోవాళ్లు పెట్టె కోసం రావడానికి మొహమాటపడటం లేదు. తీసుకెళ్తారు, పని అయ్యాక ఫినాయిల్ వేసి కడిగి తెచ్చి పెడతారు, నోటుబుక్కులో సంతకం పెడతారు. అద్దె లేదు. ఆటో కిరాయి మాత్రం వాళ్లదే. తోచినంత ఇస్తామంటే కానుకల పెట్టె చూపిస్తాం, ఎవరు ఎంత వేశారో మేం చూడం.

ఇన్నేళ్లు ఈ లెక్కలు రాశాక నాకు అర్థమైంది ఇదే: మనిషి అప్పు తీసుకోగలడు, వాడుకుని తిరిగిచ్చేలా ఎరవు తీసుకోగలడు, కూలి తీసుకోగలడు, కానీ ఊరికే పెట్టింది తీసుకోవాలంటే మాత్రం లోపల ఎక్కడో చచ్చిపోతాడు. వీల్‌చైర్ ఎరవు తీసుకెళ్లిన ఇంటివాళ్లు మళ్లీ తిరిగొచ్చి పాస్టరమ్మగారితో గంటసేపు కూర్చుని మాట్లాడి వెళ్తారు. బియ్యం తీసుకెళ్లినవాళ్లు ఆ తర్వాత కొన్నాళ్లు మా కంటికి కనపడకుండా వేరే సందులోంచి తిరుగుతారు. రెండూ నేను చూస్తూనే ఉన్నాను.

అలాగని బియ్యం ఆపేయలేం. బియ్యం కథ వేరే, అది చాలా పాతది. మా అమ్మమ్మ కాలంలో సంఘంలో ప్రతి ఇల్లాలూ అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు తీసి పక్కన ఒక ముంతలో వేసేది, ఆదివారం ఆ ముంత చర్చికి తెచ్చేది. కూలి చేసుకునే ఇళ్లలో డబ్బులు ఉండవు కదా, అదే కానుక. అప్పట్లో ఆ బియ్యంతోనే పాస్టరుగారి ఇల్లు గడిచేది. ఇప్పుడు పాస్టరుగారికి సంఘం జీతం ఇస్తుంది కాబట్టి, గుప్పెడు బియ్యం బీదలకి ఇవ్వాలని స్త్రీల సమాజం వాళ్లు పట్టుబట్టి సాధించుకున్నారు. మగ పెద్దలు మూడు మీటింగులు నానబెట్టారు గానీ, చివరికి ఆడవాళ్లు తెచ్చే బియ్యం ఆడవాళ్లు చెప్పినట్టే పోవాలి కదా.

ఇందులో ఒక చిక్కు వచ్చింది, బయటివాళ్లకి తట్టని చిక్కు. ఒకరు రేషన్ బియ్యం తెస్తారు, ఒకరు సోనామసూరి, ఒకరు కొత్త బియ్యం, ఒకరు పాత బియ్యం. అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తే అన్నం సగం ముద్ద, సగం పలుకు. తీసుకెళ్లిన ముసలమ్మలు ఏమీ అనరు, కానీ వండుకు తింటే తెలుస్తుంది. అందుకే రెండు డ్రమ్ములు. రేషన్ బియ్యం ఒక దాంట్లో, కొన్న బియ్యం ఒక దాంట్లో. రేషన్ బియ్యంలో పోషకాలు కలిపిన గింజలు కొన్ని ఉంటే, అవి నీళ్లలో తేలగానే ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ప్లాస్టిక్ కాదమ్మా, ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజ అని మా సంఘంలో ఉన్న ఏఎన్ఎమ్ (ఆరోగ్య కార్యకర్త) అక్క ఆదివారం ప్రకటనల్లో చెప్పింది. సగం మంది నమ్మారు.

ఎవరికి ఇవ్వాలి అన్నదానికి వచ్చినంత గొడవ మా సంఘంలో ఇంకే విషయానికీ రాలేదు. ఒక పెద్దాయన లేచి, విశ్వాస గృహానికి చెందినవాళ్లకి, అంటే తోటి విశ్వాసులకి, విశేషంగా మేలు చేయమని బైబిల్లో పౌలు రాశాడు, గలతీ పత్రిక చూసుకోండి అన్నాడు. నిజమే, రాశాడు. కానీ అదే వాక్యంలో అందరికీ మేలు చేయమని కూడా ఉందని పాస్టరమ్మగారు కూర్చున్న చోటు నుంచే అన్నారు. అపొస్తలుల కార్యాల్లో ఆరో అధ్యాయం చదివితే, మొదటి సంఘంలో వచ్చిన మొదటి కమిటీ తగాదా కూడా ఇదే. గ్రీకు మాట్లాడే విధవరాళ్లని రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది, దాన్ని చక్కబెట్టడానికి ఏడుగురిని ఎన్నుకున్నారు. నాకు ఆ భాగం చదివినప్పుడల్లా ధైర్యంగా ఉంటుంది. పరిశుద్ధాత్మ దిగొచ్చిన పెంతెకొస్తు దినాన్ని కళ్లారా చూసినవాళ్లే వడ్డన దగ్గర పోట్లాడుకుంటే, ఇక మేమెంత.

చివరికి మేం పెట్టుకున్న పద్ధతి వీధి లెక్క. చర్చికి వస్తారా రారా అని చూడం, మా నాలుగు వీధుల్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లు, మొగుడు పోయి చిన్నపిల్లలతో ఉన్న ఆడవాళ్లు. జాబితా రాసేది స్త్రీల సమాజం. మా కమిటీ దాన్ని మార్చకూడదు, అభ్యంతరం ఉంటే చెప్పొచ్చు. ఆడవాళ్లకి ఎవరి పొయ్యి వెలగలేదో తెలుసు, మాకు ఎవరు రాజకీయంగా ఎటువైపో తెలుసు, తేడా అంతే. ఇచ్చేది కూడా చర్చిలో పిలిచి కాదు, సాయంత్రం చీకటి పడ్డాక సంచి ఇంటికి చేరుతుంది.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడిగే మాట ఉంది. బియ్యం ఇచ్చి మతం మారుస్తున్నారా? నన్ను ఆఫీసులో కూడా అడిగారు, నవ్వుతూనే అడిగారు గానీ అడిగారు. కోపం వచ్చింది, కానీ ప్రశ్న అన్యాయమైనదేం కాదు. ఆకలి మీద బేరం పెట్టే సంఘాలు లేవని నేను ప్రమాణం చేయలేను. అయితే మా ప్రాంతంలో ఈ ప్రశ్న నూటయాభై ఏళ్ల కిందటే వచ్చింది, దానికి ఒక జవాబు కూడా ఉంది. మా పెద్దవాళ్లందరికీ ఆ కథ తెలుసు, కుర్రాళ్లకే తెలియదు.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని పీడించిన కరువులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో ఉన్నాడు. 1866లో వచ్చినవాడు, క్లౌ దొర అనేవాళ్లు. ఆయనకి మిషనరీ కాకముందు సర్వే పని అలవాటు. ఆ కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వించే పనులు పెట్టింది, పెద్దగంజాం దగ్గర కొమ్మమూరు కాలువని కలుస్తుందే, అదే కాలువ, మా ఊరి నుంచి బండి మీద కాస్త దూరమే. పనికి వెళ్లిన మాదిగవాళ్లని అక్కడి మేస్త్రీలు హీనంగా చూస్తున్నారని, క్లౌ తనే మూడున్నర మైళ్ల కాలువ పని కాంట్రాక్టు తీసుకున్నాడు. తన సంఘాల్లోని తెలుగు బోధకుల్నే పని చూసే మేస్త్రీలుగా పెట్టాడు. ఊరికే గంజి పోయలేదు, మట్టి తవ్వినందుకు, తట్ట మోసినందుకు కూలి ఇచ్చాడు. వేలమంది వచ్చారు.

నాకు ఆ కథలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ తర్వాతి విషయం. కరువు సాయం నడుస్తున్నంత కాలం, అంటే సుమారు పదిహేను నెలలు, ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదని ఆపేశాడు. పని అయిపోయి, పంచేందుకు డబ్బు లేదని చెప్పేశాక కూడా జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి గుంపులుగా వచ్చారు. మాకు సాయం వద్దు, మా చేతుల మీద బొబ్బలు చూడండి, మేం పని చేసుకు బతుకుతాం అని వాళ్లు అన్నారట. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నదిలో దిగి ఇచ్చారు. ఆ జనంలో మా ముత్తాతల తరం వాళ్లు ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఆ అంకెని పట్టుకుని మావాళ్లు ఇప్పటికీ గర్వపడతారు. నాకు అంకె కంటే ఆ పదిహేను నెలలు ఎక్కువ. ఆకలి ఉన్నచోట పేర్లు రాసుకోకూడదని ఎవరూ చెప్పకుండానే క్లౌ తెలుసుకున్నాడు. మెదక్ చర్చి కథ కూడా ఇలాంటిదే, 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయిన ఆ పెద్ద గుడి కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పాస్‌నెట్ దొర కట్టించాడనే అక్కడివాళ్లు చెప్తారు.

కాబట్టి మా బీదల నిధికి ఉన్న ఒకే ఒక్క రాతపూర్వక నియమం ఇది: సాయం తీసుకుంటున్న ఇంటికి ఆ నెలలో ఎవరూ సువార్త కరపత్రాలు పట్టుకుని వెళ్లకూడదు. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే చేస్తాం, చాలామంది అడుగుతారు కూడా, జబ్బు చేసిన మనిషి పక్కన ఎవరు ప్రార్థన చేసినా కాదనరు మన ఊళ్లలో. మా సంఘంలో కొందరికి ఈ నియమం నచ్చదు. సువార్త ప్రకటించడానికి సిగ్గెందుకు అంటారు. సిగ్గు కాదు, సంచీ చేతిలో ఉన్నప్పుడు నోరు మూసుకోవడం మర్యాద.

డబ్బు కంటే మనిషి తోడు ఎక్కువ అక్కరయ్యే పనులు కొన్ని ఉన్నాయి, అవి యూత్ వాళ్లకి అప్పగించాం. పొగాకుని వేడితో ఆరబెట్టే బేరన్లలో, పొలాల్లో జీవితమంతా పని చేసిన ముసలివాళ్లకి వేలిముద్రలు అరిగిపోతాయి. మెషిన్ మీద వేలు పెడితే పడదు. ఊళ్లో సచివాలయం దగ్గర ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడటం) అన్నా, రేషన్ దగ్గర అన్నా వాళ్లకి ప్రాణం మీదకొస్తుంది. కనుపాప స్కాన్ చేయమని అడగొచ్చని వాళ్లకి తెలియదు, ఆధార్ సెంటరుకి వెళ్లి వివరాలు అప్‌డేట్ చేయించుకోవచ్చని తెలియదు. ఒక కుర్రాడు బండి మీద ఎక్కించుకుని వెళ్లి, పక్కన నిలబడితే చాలు, పని అవుతుంది. వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలు అయింది. ఆ నాలుగు వేలు ఆగిపోకుండా చూడటం మేం ఇచ్చే ఏ బియ్యం సంచి కన్నా పెద్ద సాయం.

డయాలసిస్ ఇళ్లు ఇంకో లెక్క. మా వైపు కిడ్నీ జబ్బులు కొత్త కాదు, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల గురించి వినని వాళ్లు ఉండరు. డయాలసిస్ ప్రభుత్వ పథకంలో ఉచితంగా జరుగుతుంది, పింఛను పదివేలు వస్తుంది. బయటనుంచి చూసేవాళ్లకి ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ వారానికి రెండు మూడు సార్లు ఒంగోలు వెళ్లి రావాలి, ఒక్కళ్లే వెళ్లలేరు, తోడు వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది, తిరిగొచ్చేటప్పుడు ఓపిక ఉండదు కాబట్టి బస్సు ఎక్కలేక ఆటో పెట్టుకుంటారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం అయ్యాక, తోడు వెళ్లేది భార్యో కూతురో అయితే ఆ చార్జీ తప్పింది, అది నిజంగా పెద్ద ఊరట. మిగిలింది తిరుగు ప్రయాణం. మా సంఘంలో ఇద్దరికి సొంత ఆటోలున్నాయి, పెట్రోలు నిధిలోంచి ఇస్తాం, వాళ్లు కిరాయి తీసుకోరు. లెక్కల పుస్తకంలో అది "పెట్రోలు" అని మాత్రమే ఉంటుంది. ఆడిటింగ్ చేసే పెద్దమనిషి ఏడాదికోసారి ఇంత పెట్రోలు ఎందుకు అని అడుగుతాడు, నేను ఏడాదికోసారి చెప్తాను.

ఫొటోల గురించి కూడా చెప్పాలి. ఒకప్పుడు మేమూ ఫ్లెక్సీ కట్టి, దాతల పేర్లు వేసి, చీర అందిస్తూ ఇటు చూడమ్మా అని ఫొటోలు తీసినవాళ్లమే. ఒక క్రిస్మస్‌కి ఒకామె చీర తీసుకుంటూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ ఫొటో గ్రూపులో పెడితే పాస్టరమ్మగారు తీయించేశారు, ఆ తర్వాత ఫొటోలే ఆపించేశారు. దాతలు నొచ్చుకున్నారు. ముఖ్యంగా దూరంగా ఉన్నవాళ్లు, మా డబ్బు ఎక్కడికి పోయిందో మాకెలా తెలుస్తుంది అని. న్యాయమైన ప్రశ్నే. అందుకని మనుషుల ఫొటోలు బదులు బిల్లుల ఫొటోలు పంపడం మొదలుపెట్టాం, కిరాణా బిల్లు, పెట్రోలు బిల్లు, ఐస్ బాక్స్ రిపేరు బిల్లు. మొదట్లో బోరుగా ఉందన్నారు. ఇప్పుడు నెల తిరగ్గానే బిల్లులు రాలేదేం అని వాళ్లే అడుగుతున్నారు.

విదేశాల్లో ఉన్నవాళ్ల డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త. మాలాంటి చిన్న సంఘాలు చాలా వాటికి ఇది తెలియదు. అమెరికా పౌరసత్వం తీసేసుకున్న మన ఊరి అబ్బాయి అయినా సరే, అతను పంపేది చట్టం దృష్టిలో విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా సంఘం తీసుకోకూడదు. ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. అందుకే మేం పాస్‌పోర్టు ఏదని అడుగుతాం. బాగోదు, కానీ అడుగుతాం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ రాత్రి చర్చి తలుపులు తీసి పెట్టాం. పాకల్లో ఉన్నవాళ్లు, రేకులు ఎగిరిపోతాయని భయపడ్డవాళ్లు వచ్చారు. బెంచీలు గోడకి జరిపి షామియానా గుడ్డే కింద పరిచాం. సామాన్ల గదిలో డేగిసాలు ఉండటం వల్ల వంటకి ఎవరినీ అడుక్కోవాల్సిన పని లేకపోయింది, కిరాణా కొట్టాయన రవ్వ, ఉల్లిపాయలు లెక్క రాయకుండా తీసిచ్చాడు, ఉప్మా అయింది. పెద్దవాళ్లు మళ్లీ 1977 నవంబరు దివిసీమ ఉప్పెన కథలు మొదలుపెట్టారు, పిల్లలు భయపడుతున్నారని ఆడవాళ్లు కసిరితే ఆపారు. తెల్లారాక పడిపోయిన చెట్లు నరికే పని దొరికింది అందరికీ, పొలాల్లో వరి మాత్రం నీళ్లలో పడుకుంది. కౌలు రైతులకి చర్చి ఏం చేయగలదు? ఏమీ చేయలేకపోయాం. పంట నష్టం ముందు గుప్పెడు బియ్యం లెక్కలోకి రాదు, అది మాకూ తెలుసు. పరిహారం కాగితాలు రాసిపెట్టడం వరకే మా చేతనైంది, అందులోనూ కౌలు కార్డు లేనివాళ్లకి దారి దొరకలేదు.

ఇప్పుడు కమిటీలో నడుస్తున్న తగాదా ఏమిటంటే, పంట పండుగ వేలంలో వచ్చిన డబ్బు ఎలా ఖర్చు పెట్టాలని. ఆ రోజు సంఘస్తులు తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు వేలం వేస్తాం, ఒక గుమ్మడికాయని పంతానికి పోయి పదింతలకి పాడతారు, సరదాగా ఉంటుంది. కుర్రాళ్లు రెండో ఐస్ బాక్స్ అంటున్నారు, ఒకే రోజు రెండు చావులు వచ్చినప్పుడు ఎవరికి కాదనాలి అని వాళ్ల వాదన. ఇంకొకరు గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషిన్, ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ అంటున్నారు. నా ఓటు మాత్రం తల వైపు పైకి లేచే ఆసుపత్రి మంచానికి. పోయినవాళ్ల కోసం ఒక పెట్టె ఉంది, ఇంకా పోనివాళ్లు నులక మంచం మీద ఒళ్లు పుండ్లు పడి నెలలు నెలలు ఉంటున్నారు, చూసుకునే కోడళ్ల నడుములు విరిగిపోతున్నాయి. స్త్రీల సమాజం నావైపే ఉంది కాబట్టి గెలుస్తామనే అనుకుంటున్నాను. ఒకటే టెన్షన్, మా వీధిలో సగం ఇళ్ల గుమ్మాలు ఇరుకు, ఆ మంచం లోపలికి పోతుందా అని. ఊడదీసి బిగించే రకం దొరుకుతుందట. మీ చర్చిలోగానీ, గుడిలోగానీ, మసీదులోగానీ అలాంటిది కొని నలుగురికీ తిప్పుతున్నవాళ్లుంటే, ఏ రకం కొన్నారో, ఎన్నాళ్లు ఆగిందో నాకు చెప్పండి, మీటింగు లోపు కావాలి.